నడక గీయని మనిషి

చీమకుర్తి బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మిద్దె మీద
మీరావలి నెట్ సెంటర్.
ఆరు కంప్యూటర్లు. గంటకి పదిహేను.
మధ్యలో కరెంటు పోతే
మిగిలిన నిమిషాలు మార్కాపురం పలక మీద
పేరు పేరునా సుద్దతో రాసి
రేపటికి బాకీ ఉంచేవాడు.

మేం ఆడేది ఒకటే ఆట.
నలుగురు కూలీలు, ఒక ఊరు, చుట్టూ చీకటి.
అడవి కొట్టి, రాయి తవ్వి, కోట కట్టి
అవతలోడి కోట కూల్చాలి.
ప్రభుదాసు ఎప్పుడూ గుర్రాలతో వచ్చేవాడు.
నేను గోడ మీద గోడ కట్టుకొని
లోపల కూర్చునేవాణ్ణి, పిరికోణ్ణి.

ముసురు పట్టిన ఒక రాత్రి
మీరావలి ఆట పొట్ట విప్పి చూపించాడు.
ఫోల్డర్లో ఫోల్డరు, దాంట్లో అన్నీ అంకెలే:
గుర్రానికో నంబరు, చెట్టుకో నంబరు,
చచ్చిన జింకకి కూడా.
మూడొందల నలభై ఆరు, తోడేలు.
మూడొందల నలభై ఎనిమిది, కోట తలుపు.
మధ్యలోది
ఇన్నేళ్ల ఆటలో మాకెన్నడూ ఎదురుపడలేదు.

తెరిచాం.
ఆడమనిషి. తలమీద రాయి.
గోరంత బొమ్మ, కట్టిన గుడ్డ ఏ దేశానిదో,
చుట్టకుదురు పెట్టిన తీరు మాత్రం
అచ్చం మా క్వారీలోదే.
ఇంకో ఫైల్లో గొంతు కూడా ఉంది.
ఏ భాషో తెలీదు, రెండే ముక్కలు.
ఒకటి పిలిస్తే పలికినట్టు,
ఇంకోటి పని చెప్తే నిట్టూర్చినట్టు.

"ఎవరో కూర్చుని గీసుంటారు గదబ్బా" అన్నాడు ప్రభుదాసు.
ఎవరో ఆమెకి గొంతిచ్చి
మంచినీళ్లు తాగి ఇంటికి పోయుంటారు.
ఆనక ఒక పొద్దున ఎవడో అనుంటాడు:
టైం లేదు, డిస్కులో చోటు లేదు,
ఇది లేకపోయినా ఆట ఆగదు.

మా నాయన మాలకొండయ్య
క్వారీలో మార్కింగ్ మేస్త్రీ.
నల్లరాయిని నీళ్లతో తడిపి
ఎండకి వాలుగా వంగి చూసి
వెంట్రుకంత గీత కనపడినా సరే
ఎర్ర పెయింటుతో ఇంటూ కొట్టేవాడు.
మంచివి లారీలెక్కి ఓడరేవుకి.
ఇంటూ పడినవి గుట్టకి.
మా ఊరి చుట్టూ ఆ గుట్టలే కొండలు,
వాన పడితే
వాటి మీదా అవే బంగారు చుక్కలు.

కూలీ నంబరు చెరిపి, ఆమె నంబరు వేశాం.
పచ్చగడ్డి మధ్యలో నిలబడి ఉంది.
నొక్కితే పలికింది.
పొమ్మంటే పోయింది, కాళ్లు కదలకుండా,
తిరనాళ్లలో ప్రభ మీద బొమ్మ సాగినట్టు.
నడక గీసేలోపే ఆపేశారు ఆమెని.

అవతలి గుర్రాలొచ్చాయి.
ఆమెలోంచి దూసుకుపోయాయి.
ప్రాణం ఎంతో ఎవరూ రాయలేదు గదా
చావు కూడా ఆమె దాకా రాలేదు.
మా కోట తగలబడతా ఉంటే
తలమీద రాయి దించకుండా అట్టాగే నిలబడింది.
ఆ రాయి ఏ గోడకో.
ఆ గోడని కూడా తీసేశారేమో.

ఆట బిగుసుకుపోయింది.
మీరావలి స్విచ్చి ఆర్పి
"ఈ అరగంట మీ లెక్కలో వెయ్యనులే" అన్నాడు.

ఇంటికి పోయేసరికి నాయన
వేళ్ల ఎరుపు పోవడానికి కిరసనాయిలు రుద్దుకుంటున్నాడు.
ఇంటూ కొట్టిన రాయిని మళ్లీ ఎప్పుడన్నా చూశావా, అని అడిగా.
చాలాసేపు వేళ్లే చూసుకున్నాడు.
"ఒకదాన్ని. గీతనుకున్నా.
ఆరినాక చూస్తే నీళ్ల చారిక."
"మరి?"
"మరేందిరా. అప్పటికే దాని మీద
ఇంకో నలభై రాళ్లు పడ్డాయి."

మర్నాడు సాయంత్రం మెట్లెక్కి పోతే
పలక మీద మా పేర్ల కింద
మీరావలి వంకర అంకెల్లో
మూడొందల నలభై ఏడు,
బాకీ అరగంట.